మా అక్కా, నల్లమల ఫియర్డూ

రెండు మార్కుల ప్రశ్న

ముప్పై రెండేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. అందులో ఏటా ఒక రోజు ఫియర్డ్ పాఠం వచ్చేది. హిమానీనదం తొలిచిన లోతైన లోయలోకి సముద్రం చొచ్చుకొస్తే, నిలువు కొండల మధ్య ఏర్పడే సన్నని నీటిపాయను ఫియర్డ్ అంటారు, నార్వే ఇందుకు ప్రసిద్ధి. రెండు మార్కులు. బోర్డు మీద రెండు గీతలు నిలువుగా గీసి, మధ్యన అలల్లాగా వంకరటింకర గీత లాగేవాణ్ణి. సముద్రాన్ని రెండుసార్లే చూసినవాణ్ణి, మంచుకొండను అసలే చూడనివాణ్ణి, అయినా నార్వేలో పుట్టి పెరిగినట్టే చెప్పేవాణ్ణి.

ఉద్యోగ విరమణ అయ్యాక ఒకరోజు మర్రిగూడలో మా అక్క యాదమ్మ ఇంటికి వెళ్లి, ఫోన్లో ఫియర్డ్ వీడియో చూపించాను. అక్క ఫోన్ను ఒళ్లో పెట్టుకుని చూసింది. నాలుగుసార్లు చూసింది. చూసి, "తమ్మీ, గీడికి నన్ను తీస్కపో" అంది.

అక్క గురించి ఇక్కడే చెప్పాలి. మేం పుట్టింది నకిరేకల్ దగ్గర. అక్కడి నీళ్లు మమ్మల్నేమీ చేయలేదు. అక్కను పదహారేళ్లకు మర్రిగూడ ఇచ్చారు. అక్కడి బోరు నీళ్లు ముప్పై ఏళ్లు తాగింది. అందులోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా ఎముకల్లో చేరి, నడుము వంగి, మెడ బిగుసుకుపోయింది, మోచేతులు సగానికే తెరుచుకుంటాయి. ఇప్పుడు అరవై నాలుగేళ్లు. కర్ర పట్టుకుని వాకిట్లో తిరుగుతుంది. నోరు మాత్రం ఇప్పటికీ నాకంటే చురుకు.

హైదరాబాద్‌లో ఒక యాత్రల ఆఫీసుకు ఫోన్ చేశాను. మనిషికి రెండున్నర లక్షలన్నారు. పైగా విమానంలో పది గంటలు కూర్చోవాలి. మా అక్క అరగంట కూర్చుంటే లేవడానికి పావుగంట పడుతుంది. ఆ సంగతి చెబితే అక్క మొహం చిన్నబోయింది. "ఇంకో ఏడాదికి కర్రతోని నడుసుడు గూడ కష్టమేనన్నడు డాక్టరు. నడిసినన్ని దినాలే నా మాట నడుస్తది. మంచంల పడ్డంక ఎవరు తీస్కపోతరు?" అంది. ఆ మాట నన్ను రాత్రంతా తిప్పలు పెట్టింది.

మర్నాడు పాత అట్లాస్ తీసి చూశాను. కృష్ణా నది కొల్లాపూర్ దాటాక నల్లమల కొండల్లో దూరుతుంది. కింద శ్రీశైలం ఆనకట్ట ఉంది గనక నీళ్లు ఆ లోయంతా వెనక్కి నిండి, కొండలు మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి ఉంటాయి. మంచూ లేదు, సముద్రమూ లేదు. పరీక్షలో ఎవరైనా దీన్ని ఫియర్డ్ అని రాస్తే సున్నా వేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం నాకు నేను రెండు మార్కులూ వేసుకున్నాను.

ఒప్పుకోనిది అక్క కోడలు సునీత. "మామా, అత్తమ్మ కాలు జారితే ఎముక ఇరుగుతది, ఇరిగితే అతకదన్నరు. మీరు పడవ అంటున్నరు!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తను పదేళ్లుగా పొద్దున్నే లేపి, స్నానం చేయించి, తల దువ్వుతున్న పిల్ల. ఆమె భయం పట్టించుకోకుండా ఉండలేం. "ఎట్ల తీస్కపోతున్ననో గట్లనే తెచ్చి నీకప్పజెప్త" అని మాటిచ్చాను.

దిండి దాకా

వానలు వెళ్లాక, కార్తీకంలో బయల్దేరాం. కిరాయి కారు, దాని డ్రైవర్ జంగయ్యది దేవరకొండ. సునీత కారు డిక్కీలో సర్వపిండి డబ్బా, అక్క దిండు, దుప్పటి, వాటితోపాటు ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల డబ్బాలు రెండు పెట్టించింది.

జంగయ్య వాటిని చూసి నోరు తెరిచాడు. "సార్, మనం పోతున్నది కృష్ణకే గదా? కృష్ణకాడికి నీళ్లు మోసుకపోతరా?"

మర్రిగూడ వాళ్ల అలవాటు అతనికి తెలియదు. వాళ్లు పెళ్లికి వెళ్లినా, దవాఖానకు వెళ్లినా నీళ్లు వెంట ఉండాల్సిందే. అక్కడ ఎవరింటికి వెళ్లినా చెంబు చేతికిచ్చేటప్పుడే నీళ్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్తారు. "కృష్ణ నీళ్లే, తాగుర్రి" అంటారు. ఇచ్చేవాళ్లు చెప్పకపోతే తాగేవాళ్లు అడుగుతారు. రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చి కృష్ణ నీళ్లే పడుతున్నా ఆ అలవాటు పోలేదు. మా నకిరేకల్‌లో అయితే చెంబు చేతికొస్తే ఎత్తి గటగటా తాగేయడమే.

దిండి దగ్గర టీకి ఆగాం. టీ పది రూపాయలు, మిర్చి బజ్జీ ప్లేటు ముప్పై. ఆ బజ్జీ కారానికి నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. నీళ్ల కోసం డిక్కీ తెరిస్తే ఏముంది, ఒక డబ్బా మూత ఊడి నా బట్టల సంచీ చెరువైపోయింది. అక్క కార్లో కూర్చునే విషయం కనుక్కుని పగలబడి నవ్వింది. "నీ ఫియర్డు గీడనే వచ్చింది గదరా! ఇగ వాపస్ పోదామా?"

తడిసిన లాల్చీలు కారు కిటికీలకు కట్టుకుని అచ్చంపేట దాటాం. దారిలో బడిపిల్లలు మమ్మల్ని చూసి చేతులూపారు.

కొల్లాపూర్

కొల్లాపూర్‌లో బస. రోడ్డు పక్కన ఒకావిడ పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. ఒక్కోటి పదిహేను రూపాయలు, పచ్చిపులుసు ఎంత పోసుకున్నా ఊరికే. మా వైపు జొన్నరొట్టె అంటే కాస్త మందం, పాలమూరు రొట్టె చీర కొంగంత పల్చన. ఆమె రెండు అరచేతుల మధ్యే రొట్టెను తిప్పి తిప్పి పెంచుతుంటే అక్క కారు దిగి, కర్ర ఆనించుకుని నిలబడి చూసింది. "నేను గూడ గిట్లనే కొట్టేదాన్ని బిడ్డా, చేతులు మంచిగున్నప్పుడు" అంది. ఆవిడ మరో రొట్టె వేసి దానికి పైసలు తీసుకోలేదు.

సునీత సాయంత్రంలోగా ఐదుసార్లు ఫోన్ చేసింది. ఐదోసారి అక్కే తీసుకుని, "నేను బతికే ఉన్న, నీ మామనే బజ్జీలు తిని చచ్చేటట్టున్నడు" అని పెట్టేసింది.

సోమశిల దాటాక ఒక చిన్న రేవు

మర్నాడు పొద్దున సోమశిల గుడి దగ్గర దండం పెట్టుకున్నాం. అక్కడి పెద్ద లాంచీ మెట్లు చూస్తే అక్క ఎక్కేలా లేదు. కొబ్బరికాయలమ్మే మనిషి, ఇంకాస్త ముందుకు వెళ్తే చేపలు పట్టేవాళ్ల ఊరుంది, అక్కడ చిన్న బోట్లు దొరుకుతాయని చెప్పాడు.

ఆ ఊళ్లో నర్సింహ అనే అతను పదిహేను వందలకు ఒప్పుకున్నాడు. "కొండల్లకు పోయి అచ్చుడు రెండు గంటలు సారు. అవ్వను మంచిగ కూసోబెట్టే పూచీ నాది" అన్నాడు.

అతని భార్య చెన్నమ్మ మమ్మల్ని ఇంటి ముందు నీడలో కూర్చోబెట్టింది. ఎండిన చేపల వాసన, దండెం మీద వలలు. అక్కకు ప్లాస్టిక్ కుర్చీ వేసి, తళతళలాడే చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా రెండో డబ్బా కార్లో ఉండిపోయింది, కారు మిట్ట మీద ఉంది.

అక్క చెంబు పట్టుకుంది. తాగలేదు. ఎప్పటిలాగే అడిగింది.

"ఏడియి బిడ్డా ఈ నీళ్లు? ఎవరియి?"

చెన్నమ్మ మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఎవరియేంది? మా ఇంటియి. మా చేతి నీళ్లు తాగవా అవ్వా?"

"గట్ల కాదు బిడ్డా, ఏడ పట్టిండ్రని..."

"ఎట్లయినా గదే. మొన్న గూడ ఒకామె గిట్లనే, మీరేమోళ్లని అడిగి చెంబు కింద పెట్టి పోయింది. మా చేపలు కావాలె, మా బోటు కావాలె, మా నీళ్లు మాత్రం గొంతు దిగయి!" చెన్నమ్మ చెంబు అందుకుని నీళ్లు నేల మీద పారబోసింది. భర్త వైపు తిరిగి, "బోటు తియ్యకు" అంది.

నర్సింహ వల మడత పెడుతున్నవాడల్లా ఆగిపోయాడు. అతని చూపు నా మీద లేదు, భార్య మీద ఉంది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అర్థమైంది.

నేను ఊరుకోవచ్చు కదా. లేచి నిలబడి, "అమ్మా, మీరు అపార్థం చేసుకున్నారు. భూగర్భజలంలో ఫ్లోరైడ్ శాతం పరిమితిని మించినప్పుడు..." అని మొదలుపెట్టాను. ముప్పై రెండేళ్ల అలవాటు. చెన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. జంగయ్య నా చొక్కా పట్టి లాగాడు. "సార్, జర కూసోర్రి."

ఇంత దూరం తెచ్చి, నీళ్ల ఒడ్డున ఒక్క ప్రశ్నకు ప్రయాణం ఆగిపోతోంది. చూపిస్తానని తీసుకొచ్చినవాణ్ణి నేనే. అక్కను చూడ్డానికి మొహం చెల్లలేదు.

అక్క కర్ర పక్కన పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాచింది. సగం దాకా వచ్చి ఆగిపోయాయవి. "ఇగో బిడ్డా, నా చేతులు గింతవరకే అస్తయి. నెత్తి దువ్వుకోరాదు, ముద్ద నోటికి అందదు, చెంచతోని తింట. నీళ్లే చేసినయి గిదంత. మా బోరు నీళ్లు. మా ఊళ్లె ఎవరిచ్చినా ఏడియని అడిగే తాగుతం. మా కోడలిచ్చినా అడుగుత. నీ కులం నాకెందుకమ్మా? నా ఎముకలకు భయం."

చెన్నమ్మ కాసేపు ఆ చేతులనే చూసింది. దగ్గరకొచ్చి, మోచేతి దగ్గర మెల్లగా పట్టుకుని, ఇంకా చాపడానికి వస్తుందేమో అన్నట్టు కదిపి చూసింది. రాలేదు. లోపలికి వెళ్లి చెంబు మళ్లీ నింపుకొచ్చింది.

"నల్లా నీళ్లే అవ్వా. కృష్ణ నీళ్లు. సర్కారు శుద్ధి చేసి ఇడుస్తది" అంది. అక్క చెంబు ఎత్తలేదు గనక తనే నోటికి ఆనించి తాగించింది. అక్క చెంబంతా తాగింది. అంత దాహం వేసి ఉందని నాకు తెలియనే లేదు.

"నేను గూడ అస్త బోటుల. మొగోళ్లకేం తెలుస్తది అవ్వను పట్టుకునుడు" అంది చెన్నమ్మ. నర్సింహ అప్పటికే ఇంజను తాడు వెతుకుతున్నాడు.

కొండల్లో

అక్కను కుర్చీతో సహా ఎత్తాం. ముందు నర్సింహ, జంగయ్య, వెనక చెన్నమ్మ. నేను కర్ర, చెప్పులు పట్టుకుని పక్కన నడిచాను, అంటే దేనికీ పనికిరాలేదు. మోకాలి లోతు నీళ్లలో జంగయ్య కాలు ఒకసారి జారింది. నా ప్రాణం పోయి వచ్చింది. గాల్లో ఉన్న అక్క మాత్రం, "నా పెండ్లినాడు గూడ గిట్ల మోయలె నన్ను" అని నవ్వుతోంది.

కుర్చీని బోటు మధ్యలో పెట్టి తాళ్లతో కట్టారు. నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగారు. ముప్పావు గంట పోయాక నది ఇరుకైంది. రెండు వైపులా ఎర్రని రాతికొండలు నిట్టనిలువుగా లేచాయి. నర్సింహ ఇంజను ఆపాడు. నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. కొండకొమ్మున చెట్లు చిన్న కొత్తిమీర కట్టల్లాగా కనిపిస్తున్నాయి. తెల్లకొంగ ఒకటి ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీదకు పోయింది. నేను బోర్డు మీద గీసిన రెండు నిలువు గీతల మధ్య నిజంగా కూర్చుని ఉన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

"అక్కా, అటు చూడు! ఆ శిఖరం చూడు! ఇటు చూడు!"

"ఆఁ, చూసిన. మంచిగున్నది" అంది అక్క.

చెన్నమ్మ అక్క పక్కనే కూర్చుని ఉంది. ఒక్క నిమిషం అక్క మొహంలోకి చూసి, "అవ్వా, నిజం చెప్పు, నీకేం కనవడ్తాంది?" అని అడిగింది.

అక్క తటపటాయించింది. "మీ బోటు అడుగు కనవడ్తాంది. ఏడనో జర నీళ్లు కారుతున్నయి. ఒక పాత చెప్పు గూడున్నది" అంది.

అక్క మెడ పైకి లేవదు. నడుము వంగింది గనక ఆమె ముందున్న మూడు గజాల నేలే ఎప్పుడూ ఆమె లోకం. అందుకే ఫోన్ కూడా ఒళ్లో పెట్టుకుని చూసింది. మెట్లు, కుర్చీ, మందులు, నీళ్లు, అన్నీ ఆలోచించాను. తల పైకెత్తి చూడాల్సిన చోటుకు తల ఎత్తలేని మనిషిని తీసుకొచ్చాను. అక్కేమో నన్ను బాధపెట్టకూడదని చూశానంటోంది. ఆ కొండల మధ్య నేనెంత తెలివితక్కువవాణ్ణో నాకు బాగా తెలిసొచ్చింది.

"గంతే గద, పండవెడ్దాం" అంది చెన్నమ్మ. అంత మామూలుగా అంది.

బోటు మూలనున్న వలలన్నీ పరిచింది. వాటి మీద మా దుప్పటి. వెనక వైపు మిగిలిన లైఫ్ జాకెట్లు ఏటవాలుగా పేర్చి, మీద సునీత పెట్టిన దిండు ఆనించింది. వంగిన నడుముకు కింద ఖాళీ లేకుండా తన కొంగు మడిచి దోపింది. తర్వాత నలుగురం కలిసి అక్కను కుర్చీలోంచి దించి, కొద్దికొద్దిగా వెనక్కి వాల్చాం. "ఆగుర్రి... ఆగుర్రి... ఇగ మెల్లగ" అని అక్క చెబుతుంటే, ఆమె చెప్పినంతే వాల్చాం. అతకదన్న ఎముక మాటే నా చెవుల్లో మోగుతోంది.

చివరికి ఆనింది. మోకాళ్లు ముడుచుకునే ఉన్నాయి గానీ మొహం మాత్రం పూర్తిగా పైకి తిరిగింది.

అక్క కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "నొప్పా అక్కా? లేపాలా?"

"లేపకురా."

"మరి?"

"మొగులురా తమ్మీ." కొండల మధ్య ఆకాశం నీలంగా, పొడుగ్గా, నదిలాగే ఉంది. "పదకొండేండ్లాయె నేను మొగులు చూడక. ఇంట్ల ఒక్కదిక్కే ఒరిగి పండుకుంట, గోడ కనవడ్తది. నడిస్తే నేల కనవడ్తది. గింత పెద్దగుంటదని గూడ యాదిమర్చిన."

పదకొండేళ్లు. నెలకోసారి వెళ్తాను మర్రిగూడకు. ఒక్కసారి అడగలేదు.

నర్సింహ ఇంజను వేయలేదు. గాలికి బోటు మెల్లగా తిరుగుతుంటే, ముందు ఒక కొండ, తర్వాత ఆకాశం, తర్వాత రెండో కొండ అక్క మొహం మీదుగా వెళ్లాయి. ఆ తిరగడం ఆమెకు బాగా నచ్చింది. "ఇంకోపారి తిప్పు బిడ్డా" అంది. తెడ్డుతో మూడుసార్లు తిప్పాడు. జంగయ్యకు కళ్లు తిరిగి పక్కకు ఒరిగాడు.

వాపస్

ఒడ్డున దింపేటప్పుడు ఎవరి కాలూ జారలేదు. అక్క కర్ర పట్టుకుని రెండు కాళ్ల మీద నిలబడ్డాక నేను ఇసుకలో చతికిలబడ్డాను. వెంటనే విపరీతమైన ఆకలి వేసింది. చెన్నమ్మ జెల్ల చేపల పులుసు వండింది. ముల్లు తీసి అక్కకు చెంచాతో తినిపించింది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. భోజనానికి ఎంతివ్వాలో అడిగితే, "అవ్వ మళ్లొస్తే ఇయ్యుర్రి" అంది.

మూడో రోజు పొద్దు గూకకముందే మర్రిగూడ చేరాం. సునీత గేటు దగ్గరే ఉంది. అత్తను దించుకుని, భుజాలు, మోచేతులు, మోకాళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక గానీ నా వైపు చూసి నవ్వలేదు.

"నీళ్లు మంచిగున్నయా అత్తమ్మా?"

"నీళ్లదేమున్నదే, మన నల్లాల రావట్లేదా?" అంది అక్క. "వాకిట్ల మంచం ఎయ్యి. దిండ్లన్ని తే. ఎట్ల పేర్చాల్నో నేను చెప్త."

పోయిన ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాను. సునీత ఎత్తింది. "మామా, అత్తమ్మ వాకిట్ల మంచంల ఉన్నది. కొంగలు పోతున్నయట, చూస్తాంది. మల్ల జేయుమన్నది" అని పెట్టేసింది.